సముద్రపు తొట్టిలో పటిక

దగ్గరికి రండర్రా, వెనకున్నవాళ్లు కూడా. ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. పొద్దుట్నుంచీ ఒకటే గొడవ, "మాస్టారూ, తొట్టి ఏదండీ? చేపలేవండీ?" అని. చెబుతాను. నిన్న బందరు ఎగ్జిబిషన్‌లో మీ మాస్టారు చేసిన ఘనకార్యం పైవాళ్ల నోట వినేకంటే నా నోటే వినండి. నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం రావడం లేదు.

అసలు ఆ తొట్టి ఎందుకు పెట్టానో మీకు చెప్పలేదు కదూ? మన బడికి ఆరో తరగతి ఇప్పించండని ఇన్‌స్పెక్టరుగారిని అడిగాను. "బందరు ఎగ్జిబిషన్‌లో మీ బడి తరఫున ఏదైనా బ్రహ్మాండంగా పెట్టండి మాస్టారూ. పెద్దాఫీసరుగారు మెచ్చుకుంటే, అప్పుడు నేను ఆ మాట ఎత్తుతాను" అన్నారు. అదీ సంగతి. ఆరో తరగతి రాకపోతే మీలో సగంమంది ఐదుతో ఆగిపోతారు. ఇదిగో, ఈ సువార్త వాళ్ల నాన్న మొహమ్మీదే అన్నాడు: "ఇక్కడుంటే చదివిస్తానండీ. ఆడపిల్లని అవనిగడ్డ దాకా పంపలేనండీ. నాట్లకి పంపుతాను."

అందుకే మిఠాయి కొట్టువాళ్ల పాత అద్దాల పెట్టె అడిగి తెచ్చి, సందులకి లప్పం పెట్టి, హంసలదీవి నుంచి సముద్రపు నీళ్లు మోయించాను. గవ్వలంటిన రాళ్లు, చిన్న చేపలు, ఓ పీత, ఓ నక్షత్ర చేప. మొదట్లో ఎంత ముచ్చటగా ఉండేది!

కానీ మన ఊరి మర్యాద ఊరుకుంటుందా? సముద్రం నుంచి వచ్చిన చుట్టాలకి మీరు మరమరాలు వేశారు. మీ అమ్మలు అన్నం మెతుకులు వేశారు. మునసబుగారి తల్లిగారైతే ఏకంగా పులిహోర! "వద్దండీ" అంటే, "ఉప్పునీళ్లలో ఉండి ఉండి నోళ్లు చెడి ఉంటాయి బాబూ, కాస్త పుల్లగా తిననీ" అన్నారు. పెద్దావిడకి ఎదురు చెప్పలేకపోయాను. తిండి కుళ్లింది. కిటికీలోంచి ఎండ తగిలింది. ఇంకేముంది, అద్దానికి పాచి, రాళ్లకి జుట్టులా నాచు! కొబ్బరి పీచు పెట్టి తోమాను. తోమినకొద్దీ ఊడొచ్చి, నీళ్లు గోంగూర ఉడకబెట్టినట్టయ్యాయి.

మొన్న సాయంత్రం అలాగే బందరు చేర్చాను. బస్సు కుదుపులకి అంతా కలిసిపోయి, అందులో చేపలున్నాయని నేను ఒట్టేసి చెప్పాల్సొచ్చింది. పక్క బల్ల గుడివాడ మాస్టారిది. అట్టముక్కలతో గాలిమర చేసుకొచ్చాడు. తొట్టిలోకి తొంగిచూసి, "బావగారూ, ఇది సముద్రమా, గేదెల మడుగా?" అన్నాడు.

రోషం వచ్చింది. నేను కాలువనీళ్లు తాగి పెరిగినవాణ్ని! వరదనీళ్లు ఎర్రగా వస్తే మన ఇళ్లల్లో ఏం చేస్తాం? బిందెలో పటికముక్క తిప్పుతాం, తెల్లారేసరికి తేట. ఎదురుగా మంగలిషాపు ఉంది. గడ్డం గీశాక రుద్దే పటిక అడిగి తెచ్చాను. బిందెకే కాస్త కావాలి, మరి సముద్రానికో? అని ముక్కంతా కరిగేదాకా తిప్పాను. మీకు సైన్సు చెప్పేవాణ్ని నేనే! బిందెలో ఎవరూ కాపురం ఉండరన్న ఆలోచన రాలేదు.

నిన్న పొద్దున్నే వెళ్లి చూస్తే, ఆహా! అద్దంలోంచి అవతలున్న గుడివాడ మాస్టారి మీసం వెంట్రుకలు కూడా కనబడుతున్నాయి. పాచంతా బూజులా అడుక్కి దిగింది. దాని మీద చేపలన్నీ పక్కకి ఒరిగి ఉన్నాయి. పీత కాళ్లు ముడిచేసింది.

"భలే క్రమశిక్షణ నేర్పారు బావగారూ, ఒక్కటీ కదలడం లేదు!" అన్నాడాయన. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

అంతలో ఆఫీసరుగారు రానే వచ్చారు, వెనకాలే మన ఇన్‌స్పెక్టరుగారు.

"ఇదేమిటి మాస్టారూ?"

"సముద్రమండీ."

"నీళ్లు ఇంత తేటగా ఉన్నాయే! ఏం వేశారు?"

"పటికండీ."

"మరి చేపలు కదలవేం?"

నన్ను కాపాడదామని గుడివాడ మాస్టారు అందుకున్నాడు: "బొమ్మలండీ! వాళ్ల బడి పిల్లలు చేశారండీ!"

"భేష్! అచ్చం నిజం చేపల్లా ఉన్నాయే! తాగే నీళ్లు తేటపరచడం ఎలాగో చూపిస్తున్నారన్నమాట."

ఇన్‌స్పెక్టరుగారి మొహం వెలిగిపోయింది. "సార్, వీరి బడికి..." అని ఎత్తుకున్నారు.

"తెలిసిందిలెండి. ఇంత శుభ్రత ఉన్న బడికి మూత ఉన్న మంచినీళ్ల పీపా ఒకటి పంపించండి" అనేసి ఆఫీసరుగారు గాలిమర దగ్గరికి వెళ్లిపోయారు.

అదికాదండీ, ఆరో తరగతి అని అరుద్దామనుకున్నాను. నోరు తెరిస్తే, అవి బొమ్మలు కావు, నేను చంపిన చేపలని ఒప్పుకోవాలి. దణ్ణం పెట్టి ఊరుకున్నాను. వచ్చేటప్పుడు వాటిని కాలువ గట్టున పూడ్చిపెట్టాను. ఖాళీ పెట్టె మిఠాయి కొట్టువాళ్లకి ఇచ్చేశాను. ఇంకేముంది చెప్పడానికి?

అలా చూడకు సువార్తా. మీ నాన్న అడిగితే, మాస్టారు ఆరో తరగతి తెస్తానని వెళ్లి నీళ్ల పీపా తెచ్చారని చెప్పు. కాసేపు నవ్వుకోనీ. కడుపునిండా భోంచెయ్యనీ. అప్పుడు నేనొచ్చి, ఆరో తరగతి ఇక రాదన్న అసలు మాట చెబుతాను. ఆకలి మీదున్న మనిషి దగ్గరికి ఈ కబురు పట్టుకెళ్లే ధైర్యం నాకు లేదు. ఊఁ, లేవండర్రా, ఇళ్లకి వెళ్లి అన్నాలు తినండి.