అట్టపెట్టె మీద వెయ్యి

పెళ్ళి వీడియోలు తీసి బతికినవాడు కాబట్టి వీధి మొత్తానికీ ఆయన వీడియో బాబాయి. పెళ్ళికొడుకుల్ని, వాళ్ళ కళ్ళద్దాల్ని, కేకుల్ని వెక్కిరించకుండా ఏ పెళ్ళీ తియ్యలేదు.

కెమెరాలో రంగులు సరిచూసుకోవడానికి ముందుగా ఎవరో ఒకరు తెల్లకాగితం పట్టుకుని నిలబడాలి. ఆ పని పిన్నిది. కాగితం చాటునుంచి తొంగిచూసి మొగుణ్ణి ఏదో ఒకటి అనందే ఆవిడకి తోచేది కాదు. ఆవిడ పోయాక ఆ వీడియో ముక్కలన్నీ ఏరి ఒకచోట పెట్టుకున్నాడు.

ఇప్పుడు పాత డిస్కు టకటకా కొట్టుకుంటోంది, నేడో రేపో ఆగిపోయేలా ఉంది. అందులో ఉన్నది తొమ్మిది వందల నలభై జీబీ. అట్టపెట్టె మీద వెయ్యి అని ఉన్న కొత్త డిస్కు కొన్నాడు. అలవాటు కొద్దీ ముందు జనం పెళ్ళిళ్ళు ఎక్కించాడు. సొంతవి చివరికి. తీరా పిన్ని ముక్కల దగ్గరికొచ్చేసరికి చోటు లేదని ఆగిపోయింది. డిస్కు మొత్తం కలిపితే తొమ్మిది వందల ముప్పై ఒకటేనట.

దుకాణానికెళ్ళి నిలదీశాడు. "మిగతా అరవై తొమ్మిదీ ఎవడు మింగాడయ్యా?"

"ఎవరూ మింగలేదు బాబాయ్ గారూ. కంపెనీవాడు వెయ్యేసి చొప్పున కట్టలు కడతాడు. మీ కంప్యూటరు వెయ్యిన్ని ఇరవై నాలుగేసి కడుతుంది. కట్ట పెద్దదైతే కట్టల సంఖ్య తగ్గదూ? జీబీ దాకా వచ్చేసరికి మూడుసార్లు కట్టాలి కదా, అంత తేడా వస్తుంది. సరుకు మాత్రం అదే."

"ఓహో! అమ్మేటప్పుడు చిన్న కట్ట, నేను విప్పేటప్పుడు పెద్ద కట్టా? ఎంత మర్యాదస్తులయ్యా మీరు!"

"ఇంకోటి తీసుకోండి పోనీ."

"దాన్ని కూడా కోసి ఇవ్వడానికా?"

ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కూతురు పక్కన కుర్చీ లాక్కుంది. కొత్త డిస్కులో కాంట్రాక్టరు గారింటి పెళ్ళి ఒక్కటే పన్నెండు జీబీ. మూడు కెమెరాలతో తీయించుకున్న ఘనుడు, ఈ వారం వచ్చి పట్టుకెళ్తానని ఏళ్ళుగా అంటున్నాడు.

"తీసేస్తున్నా," అన్నాడు బాబాయి.

"నాన్నా, పాతది ఆగిపోతే ఇక ఎక్కడా దొరకదు. రేపు ఆయనొచ్చి అడిగితే?"

"అడగనీ. మూడు కెమెరాల ముందూ కడుపు లోపలికి పీల్చుకుని నిలబడ్డ మనిషి. ఊపిరి వదిలాక వస్తాడ్లే."

కూతురు నవ్వాపుకోలేకపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఆ పెళ్ళి తీసేసి, పిన్ని ముక్కలు ఎక్కించి, అన్నీ చేరేదాకా తెరమీంచి కళ్ళు తిప్పలేదు.

సరిగా వచ్చాయో లేదోనని ఒకటి తెరిచాడు. కాగితం పక్కనుంచి పిన్ని తల బయటికొచ్చింది.

"కెమెరా వంకరగా పెట్టారు, అచ్చం మీ మొహంలాగే."

చూస్తే నిజంగానే వంకర. ఆ రోజు ఒప్పుకోలేదాయన. ఇప్పుడూ ఒప్పుకోలేదు.

"నీ కళ్ళే వంకర," అని గొణిగి, ఇంకోటి తెరిచాడు.