ఖాళీ డ్రైవరు సీటు

మా వ్యాను నడిపే అమ్మాయి హారన్ కొట్టగా నేనెప్పుడూ వినలేదు. నలభై దాటిన మనిషిని అమ్మాయి అనడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ వ్యానులో ఎక్కేవాళ్ళందరిలో చిన్నవాణ్ణి నేను, నాకు మనవలున్నారు. మా లెక్కలో ఆమె అమ్మాయే.

మేం ముగ్గురం మూత్రపిండాలు చేతులెత్తేసిన వాళ్ళం. వారంలో రోజు మార్చి రోజు డయాలసిస్ కేంద్రానికి వెళ్ళి మెషిన్ పక్కన పడుకోవాలి. నేను, పక్క వీధిలో ఉండే సంగీతం మాస్టారు, ఆ పై వీధి పెద్దమ్మ. మాస్టారికి పుట్టుకతోనే చూపు లేదు. పెద్దమ్మ ఒళ్ళు భారీ, నోరు అంతకన్నా భారీ. చెయ్యి పట్టుకుంటే నాలుగు మెట్లు ఎక్కుతుంది, ఆపైన ఆయాసం. నడవాల్సిన దూరమైతే చక్రాల కుర్చీ కావాలి.

ఈ అమ్మాయికి ముందు ఒక డ్రైవరు ఉండేవాడు. వీధిలో బండి ఆపి హారన్ మోగించేవాడు. మేం గోడ పట్టుకుని దిగేవాళ్ళం. ఈమె వచ్చిన మొదటి రోజు నేను హారన్ కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, తలుపు మీద వేలి కణుపులతో మెల్లగా కొట్టిన చప్పుడు వినబడింది. తీస్తే ఎదురుగా నిలబడి ఉంది, రెండంతస్తులు ఎక్కి వచ్చి.

"పైకెందుకొచ్చావమ్మా? హారన్ కొడితే వచ్చేవాణ్ణిగా" అన్నాను.

"హారన్ కొడితే బయటికొచ్చేది కూరగాయలు కొనుక్కునేవాళ్ళు బాబాయ్" అంది.

దిగేటప్పుడు నాకంటే ఒక మెట్టు కింద నడిచింది. నా చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది. "పడితే నా మీదే పడండి, మెత్తగా ఉంటాను" అని నవ్వింది. కేంద్రం దగ్గరా అంతే. గేటు ముందు దింపి వెళ్ళిపోదు. లోపలికి తీసుకెళ్ళి, నర్సు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాక తన చెయ్యి తీస్తుంది. నర్సు రావడం ఆలస్యమైతే అలాగే నిలబడుతుంది. ఒక్కొక్కరినీ అలాగే, రోజూ అలాగే. పుస్తకాలు చదువుతూ బతికినవాణ్ణి నేను. గొప్ప మనుషుల గురించి చాలా చదివాను. ఇంత మామూలుగా, ఎవరూ చూడని చోట, ప్రతిసారీ మొదటిసారిలా ఒక పని చేసే మనిషిని మాత్రం అంతకుముందు చూడలేదు.

ఇక్కడే ఆమెకు చిక్కు వచ్చింది. మా వీధుల్లో గానీ, కేంద్రం ముందు గానీ బండి నిలపడానికి చోటు లేదు. మనుషుల్ని ఎక్కించుకోవడానికీ దింపడానికీ ఆగవచ్చు, కాని డ్రైవరు సీట్లోనే ఉండాలి. అది రూలు. సీటు ఖాళీగా కనబడితే చలానా. చలానాలు రాసే కుర్రవాడు బూడిదరంగు చొక్కా తొడుక్కుని అన్ని వీధులూ తిరుగుతుంటాడు. మాస్టారు అతనికి అల్లుడని పేరు పెట్టారు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పుచ్చుకోకుండా వెళ్ళడట.

ఆమె మెట్లెక్కి మా తలుపులు కొట్టే వేళకి అల్లుడు కింద అద్దానికి చలానా అంటించేవాడు. ఆమె దిగి వచ్చి, దాన్ని తీసి మడిచి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునేది. ఒక్క మాట అనేది కాదు.

"అదేంటే, నోట్లో నాలుక లేదా నీకు? అడగవే వాణ్ణి!" అని పెద్దమ్మ లోపలి నుంచి కేకలేసేది.

"అడుగుతూ కూచుంటే మీ మెషిన్ వేరేవాళ్ళకిచ్చేస్తారు పెద్దమ్మా. మీరు బెల్టు పెట్టుకోండి."

అలా మాట్లాడకుండా ప్రతి చలానా కట్టేసింది. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమేనని ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. ఒకరోజు బండి ఎక్కగానే నా చేతికి ఒక కాగితం ఇచ్చింది.

"బాబాయ్, మీరు ఎప్పుడూ చదువుతుంటారుగా, ఇదీ చదవండి. నేను చదివాను. తప్పు చదివానేమోనని ఒక ఆశ."

ఆమె తప్పు చదవలేదు. ఇన్ని తప్పులు ఒప్పుకున్నారు కనుక, ఇంకొక్కటి రుజువైతే ప్రయాణికుల్ని ఎక్కించుకునే పర్మిట్ రద్దు చేస్తామని ఉంది అందులో. ఆ ఒక్కటీ కిందటి వారమే రాసేశారు. దాన్ని కట్టకుండా విచారణకు వెళ్ళడమొక్కటే దారి.

కాగితం ఆమెకు తిరిగి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి డ్యాష్‌బోర్డు మీద పెట్టింది. "మా ఆయన చెక్కపని చేస్తాడు కదా. పర్మిట్ పోతే పోయింది, వ్యానులో బల్లలూ కుర్చీలూ తోలుకుందాం అంటున్నాడు. కుర్చీలనైతే మెట్ల దగ్గరే వదిలెయ్యొచ్చుట." నవ్వబోయింది గానీ నవ్వు సగంలో ఆగిపోయింది.

విచారణ రోజు దాకా ఇంకో చలానా పడకుండా కాపాడాలి. ఆ ఆరాటంలోనే మాస్టారికి ఒక ఉపాయం తట్టింది. పెద్దమ్మ ఔనంది. వద్దనాల్సిన నేను కూడా ఔనన్నాను. సీటు ఖాళీగా ఉండకూడదు, అంతే కదా? మాస్టారూ నేనూ ముందే ఎక్కుతాం, పెద్దమ్మ చివర. అమ్మాయి పెద్దమ్మ కోసం పైకి వెళ్ళగానే మాస్టారు ముందు సీట్లోకి జరిగి, ఆమె సీటు మీద వదిలివెళ్ళే టోపీ పెట్టుకుని, నల్లద్దాలతో స్టీరింగు పట్టుకుని కూర్చోవాలి. ఆమెకు చెప్పలేదు, చెబితే ఒప్పుకోదని.

అల్లుడు వచ్చాడు. సీట్లో మనిషిని చూసి ముందుకు వెళ్ళిపోయాడు. వెనక సీట్లో నేను ఊపిరి తీసుకున్నాను. మాస్టారు అంతటితో ఊరుకుంటే అసలు గొడవే లేదు. అడుగుల చప్పుడు విని, గెలిచిన ఉత్సాహంలో అద్దం దించి, "ఏం అల్లుడూ, ఇవాళ వట్టి చేతులేనా?" అన్నారు, కరెంటు స్తంభం వైపు తిరిగి.

అల్లుడు వెనక్కి వచ్చాడు. ఆయన మొహం ముందు చెయ్యి ఆడించాడు. "సార్, మీకు కనిపించదా?"

"కనిపించకేం, రూలు బాగా కనిపిస్తోంది."

ఆ చలానా మామూలుది కాదు. కళ్ళు లేని మనిషిని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టినందుకు. అమ్మాయి పెద్దమ్మతో దిగి వచ్చి, కాగితం చదివి, మాస్టారి తల మీద తన టోపీ చూసింది. ఇప్పుడు తిడుతుంది, ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. టోపీ తీసి ఆయన జుట్టు సర్దింది. "మాస్టారూ, ఎండలో కూచున్నారు. చెమటలు చూడండి" అంది. చెయ్యి పట్టుకుని వెనక సీట్లోకి మార్చింది.

విచారణకు మేం ముగ్గురం సాక్షులుగా వస్తామని పట్టుబట్టాం.

"మీరేం చూశారని సాక్ష్యం, మాస్టారూ?" అంది పెద్దమ్మ.

"ఆమె మెట్లెక్కడం విన్నాను. మీకంటే బాగా విన్నాను."

విచారణ జరిగే ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కింద లిఫ్టు తలుపుకు పని చేయడం లేదని అట్ట వేలాడుతోంది. అమ్మాయి ఆ అట్టనూ మమ్మల్నీ చూసింది. "మీరంతా వ్యానులో కూచోండి, నేనొక్కదాన్నే వెళ్ళొస్తా" అంటే సరిపోయేది. అనలేదు. ముందు మాస్టారిని తీసుకెళ్ళి పైన బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చింది. తర్వాత నన్ను, ఎప్పటిలా ఒక మెట్టు కింద నడుస్తూ. ఆపైన పెద్దమ్మ కోసం దిగింది.

ఆమె కిందికి వెళ్ళాక మా వంతు పిలిచారు.

నేను లేచి నిలబడ్డాను. లోపల బల్ల వెనక విచారణ అధికారిణి, తెల్లజుట్టు మనిషి, కాగితాల మీంచి తలెత్తింది. "అర్జీదారు ఏరీ?"

"వస్తోందండి. మెట్ల మీదుంది."

"పిలిచినప్పుడు లేకపోతే అర్జీ కొట్టేస్తాం. తెలుసుగా?"

నేను వరండాలోకి పరుగులాంటిది తీసి మెట్ల సందులోకి వంగాను. రెండో అంతస్తు మలుపులో పెద్దమ్మ గోడకు ఆనుకుని రొప్పుతోంది. అమ్మాయి ఒక మెట్టు కింద నిలబడి ఉంది.

"అమ్మాయ్! పిలుస్తున్నారు, కొట్టేస్తారట!"

"నన్నొదిలేసి పోవే తల్లీ" అంటోంది పెద్దమ్మ. "నేనేమన్నా పారిపోతానా? పో!"

ఆమె తల పైకెత్తి నా వైపు చూసింది. మొహంలో రక్తం లేదు. భయం లేని మనిషి కాదు ఆమె, అది నాకు స్పష్టంగా కనబడింది. అయినా పెద్దమ్మ నడుం చుట్టూ వేసిన చెయ్యి తియ్యలేదు. "వస్తున్నాం బాబాయ్" అంది. "ఊపిరి తీసుకోనీండి."

నా పక్కన ఎవరో నిలబడ్డట్టనిపించి చూశాను. అధికారిణి. బల్ల వదిలి వచ్చి, కమ్మీ పట్టుకుని కిందికి చూస్తోంది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. అమ్మాయి పెద్దమ్మతో ఏదో మెల్లగా చెబుతోంది. పెద్దమ్మ మధ్యలో నవ్వి, నవ్వు వల్ల మళ్ళీ ఆయాసపడి, ఆమెను తిట్టింది. పర్మిట్ పోయే క్షణంలో ఆ అడుగు రోజూ పడే అడుగులాగే పడుతోంది. నా కళ్ళు తడిశాయి. ఎందుకో చెప్పలేను.

వాళ్ళ వెనక ఇంకెవరో ఎక్కి వస్తున్నారు. అల్లుడు. విచారణకు అతన్నీ పిలిచారు. మడిచిన చక్రాల కుర్చీ భుజం మీద మోస్తూ, చెమటలు కక్కుతూ వచ్చాడు. ఇంకో చేతిలో కొత్త చలానా ఉంది.

"అదేంటి?" అంది అధికారిణి.

"కింద వ్యాను ఉందండి, వీళ్ళదే. సీట్లో డ్రైవరు లేదు. రాశాను."

"డ్రైవరు ఎక్కడుంది?"

"ఇదిగో, మెట్ల మీదండి. నేను వెనకాలే వచ్చాను. ఈ కుర్చీ వాళ్ళదే."

"తెలిసి కూడా రాశారా?"

అల్లుడు కుర్చీ దించి మొహం తుడుచుకున్నాడు. "సీట్లో ఉందా లేదా అన్నదే చూడమన్నారండి. మెట్లు చూడమనలేదు."

అతను వెటకారం చెయ్యలేదు, ఉన్న మాట చెప్పాడు. అధికారిణి ఆ చలానా అడిగి తీసుకుంది. వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని, "సాక్షులక్కర్లేదు" అంది. మాస్టారికి అది పెద్ద దెబ్బ. రాత్రంతా సాధన చేసి వచ్చారు.

పర్మిట్ నిలిచింది. చివరి చలానాలు కొట్టేశారు. కట్టేసిన పాతవి కట్టినట్టే, వాటిని తిరగదోడడం కుదరదన్నారు. మాస్టారికి మాత్రం స్టీరింగు పట్టుకున్నందుకు హెచ్చరిక కాగితం వచ్చింది. ఇంటికొచ్చిన వాళ్ళందరి చేతా దాన్ని చదివించుకుంటున్నారు.

వీధుల రూళ్ళు చూసే కమిటీకి అధికారిణి రాసిందట. వాళ్ళు అమ్మాయిని పిలిచి, దింపి రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. "మనిషిని బట్టండీ" అంది. వాళ్ళు నిమిషాల్లో చెప్పమన్నారు. ఆమె చెప్పలేదు. ఎంత అడిగినా అదే మాట. వాళ్ళ మధ్య చాలా నడిచింది గానీ, చివరికి చలి తగ్గే రోజుల్లో కేంద్రం ముందు కొత్త బోర్డు నిలబెట్టారు.

ఆ పొద్దున్న వ్యాను ఆగగానే మాస్టారు దిగి స్తంభాన్ని తడిమారు. "ఏం రాశారో చదవండి" అన్నారు. పైకి చదివాను. "రోగిని లోపల అప్పగించి వచ్చేవరకు డ్రైవరు బండిని ఇక్కడ వదిలి వెళ్ళవచ్చు."

"మళ్ళీ."

మళ్ళీ చదివాను. అమ్మాయికి వినిపించాలని గొంతు పెంచాను. ఆమె అక్కడ లేదు. పెద్దమ్మను తీసుకుని అప్పటికే కేంద్రం మెట్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

వీధి చివరి నుంచి అల్లుడు వచ్చాడు. ఖాళీ సీటు ముందు అలవాటుగా ఆగాడు. చెయ్యి చలానా పుస్తకం దాకా వెళ్ళి ఆగింది. తలెత్తి మెట్ల వైపు చూశాడు. ఒక మెట్టు కింద ఆమె, ఒక మెట్టు పైన పెద్దమ్మ. వాళ్ళు తలుపు దాటేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.