చూపు పడిన మోకాళ్లు

నీలిమ మేడం చూపు పడితే మోకాలు పోతుందని తాండూరు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టులో ఒక మాట ఉంది. ఆమె ఎవరి కాళ్లను తేరిపార చూస్తే ఆ పిల్ల నెల తిరక్కుండా కుంటుతుందట. ఆడపిల్లలకు ఆటలో తగిలే దెబ్బల మీద పరిశోధన చేస్తున్న ఆమె ప్రతి మంగళవారం పొద్దున రైలు దిగి మైదానానికి వస్తుంది. మోకాలెత్తున పేర్చిన నాపరాళ్ల మీంచి పిల్లల్ని ఒక్కొక్కరినే దూకమంటుంది. పెన్ను మూత పళ్ల మధ్య పెట్టుకుని, మట్టిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. మొహాలు చూడదు, మోకాళ్లే చూస్తుంది.

జిల్లా జట్టు ఎంపికలకు నెల ఉందనగా గోల్‌కీపర్ ఆఫియా రాళ్లెక్కి ఆగిపోయింది. "మీ దిష్టి తగిలితే నా సెలక్షన్ పోతది మేడం. మా నానీ వద్దన్నది."

"అయితే చూడను తియ్యి," అని నీలిమ అటు తిరిగి కూర్చుంది. "ఇగ దుంకు."

ఆఫియా దూకింది. నీలిమ తల తిప్పలేదు. "ఒక్క కాలి సప్పుడే ఇనవడ్డది, ఎడమ కాలు మీదనే పడ్డవు. కుడి మోకాలు ఎన్ని దినాల సంది నొస్తున్నది బిడ్డా?"

ఆ నొప్పి సంగతి ఆఫియా ఇంట్లో కూడా చెప్పలేదు. "పది దినాలు," అంది మెల్లగా.

"రెండు వారాలు ఆడకు. ఆనక సప్పుడు రాకుండ దిగుడు నేర్పిస్త."

ఆఫియా ఆడకుండా కూర్చుంది. నెల తర్వాత వికారాబాద్‌లో జరిగిన ఎంపికలకు వెళ్లి, జట్టులో చోటు తెచ్చుకుంది.

నీలిమ రాకముందు ఒక్క ఏడాదిలో ఆ జట్టులో నలుగురి మోకాళ్లు పోయాయి. ఆమె వచ్చాక రెండేళ్లలో పోయింది ఒక్కరిదే.