నేను సరిచూడని సున్నా

నాలుగేళ్ళుగా ఒక్క మాట నా మీద బరువుగా ఉంది. ఆ మాట "చూశాను సార్". మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పాప నిద్రపోయింది, నాకు రాసుకోవడానికి దొరికే సమయం ఇదొక్కటే.

అప్పట్లో నేను బెంగళూరులో ఒక నీటి కొలతల ప్రాజెక్టులో కాంట్రాక్టు ఉద్యోగిని. యలహంక దాటి ఇంకా ఉత్తరంగా పోతే వచ్చే కొండల్లో పుట్టే చిన్న ఏరు నా బాధ్యత. వేసవిలో ఇసుక. వానాకాలంలో ఒక్క రాత్రిలో వరద. వంతెన స్తంభానికి బిగించిన కొలత పలక మీద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో రోజూ పొద్దున్నే చూసి రాసే పని ఆ ఊరి రైతు నారాయణప్పది.

ఆ ఏడు మొదటి వరదకే పలక కొట్టుకుపోయింది. కొత్తది బిగించేటప్పుడు, ఒడ్డున బండ మీద చెక్కిన గుర్తు నుంచి లెవెల్ పరికరంతో కొలిచి, పలక మీది సున్నా పాత ఎత్తులోనే ఉండేలా చూడాలి. నేను కొలవలేదు. స్తంభం మీద పాత పలక వదిలిన మరక చూసి, కంటి అంచనాతో బిగింపజేశాను.

"బండమీద గుర్తు ఉండాది గదమ్మా, దాన్నుంచి కొలవరా?" అన్నాడు నారాయణప్ప.

"పాత మరక కనిపిస్తా ఉండాది గదప్పా. చాలు."

"మరక్కేమమ్మా, నా పంచె మీదా ఉండాది!" అని నవ్వాడు. "సరే, మీరు చదువుకున్నోళ్ళు. పలక ఏం చెప్తే అది రాస్తా."

ఎందుకు కొలవలేదు? అప్పుడు నాకు మూడో నెల. ఆఫీసులో చెప్పలేదు, చెబితే కాంట్రాక్టు పొడిగించరని భయం. పరికరం మోసుకుని ఆ జారుడు గట్టు దిగితే ఏమవుతుందోనని ఇంకో భయం. రెండూ నిజమే. కానీ మరోరోజు ఎవరినైనా తోడు తీసుకెళ్ళి కొలవవచ్చు కదా? వెళ్ళలేదు. బిడ్డను అడ్డం పెట్టుకుని ఈ తప్పును చిన్నది చేయను.

వానలు తగ్గాక ఆఫీసులో లెక్కలు పోల్చారు. కొంచెం దిగువన నీటిమట్టాన్ని తనంతట తానే నమోదు చేసే యంత్రం ఉంది. దాని లెక్కలతో చూస్తే నారాయణప్ప అంకెలన్నీ జానెడు తక్కువ. "పలక సున్నా సరిచూశావా?" అని మా పైఅధికారి అడిగారు. "చూశాను సార్" అన్నాను. క్షణం కూడా తడుముకోలేదు. దాంతో నారాయణప్ప ఏటికి పోకుండా ఇంట్లో కూర్చుని రాశాడని తేల్చేశారు. రోజూ ఒకటే తేడా వచ్చింది. ఇంట్లో కూర్చుని రాసేవాడి అంకెలకు అంత నిలకడ ఎక్కడిది? ఆ మాట అనాల్సింది నేను. తల వంచుకుని కూర్చున్నాను.

నారాయణప్ప నోటుపుస్తకం పట్టుకుని, బస్సెక్కి, ఆఫీసుకు వచ్చాడు. "వానలో గూడా పోయినాను సార్" అన్నాడంతే. ఒకసారి నా వైపు చూశాడు. అప్పటికి నా కడుపు దాస్తే దాగేలా లేదు. నేను కొలవలేదని ఆయనకు తెలుసు. అయినా చెప్పలేదు. జాలిపడ్డాడా? చెప్పినా నమ్మరనుకున్నాడా? ఏది నిజమైనా, ఆ మౌనం చాటునే నేను బతికాను. ఆయన పని పోయింది. ఊళ్ళో ఆయన్ని "దొంగ లెక్కల నారాయణప్ప" అంటున్నారని తర్వాత విన్నాను.

ఈరోజు సాయంత్రం ఆ ఆఫీసుకు జరిగిందంతా నా పేరుతోనే రాసి పంపాను. నారాయణప్పకు ఒక ప్రతి పోస్టు చేశాను. క్షమించమని అందులో రాయలేదు. అది అడిగే హక్కు నాకు లేదు. జవాబు వస్తుందో రాదో, వస్తే ఏమని వస్తుందో తెలియదు. మీకూ అదే రాస్తున్నాను. ఆ ఏడాది కొత్త పలక చూసి రాసిన అంకెలన్నింటికీ జానెడు కలపండి. ఆయన రోజూ ఏటికి వెళ్ళాడు. నేను ఒక్కసారి కొలవాల్సింది. కొలవలేదు. కొలిచానని అబద్ధం చెప్పాను.