పత్తి మిల్లులో ఏడుకొండలు డెస్క్‌టాప్

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పుడు కూడా ఉందని చెప్పలేను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. చుట్టాల ఇళ్లల్లో ఇలాంటి కబుర్లు మొదలైతే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. నా ఉద్యోగం కూడా అలాంటిదే. గుంటూరులో ఉంటూ చుట్టుపక్కల మిల్లులకూ కోల్డ్ స్టోరేజీలకూ కంప్యూటర్లు, సర్వర్లు చూసిపెడతాను. "మేడమ్, దానంతటదే ఆగిపోయిందండీ" అని ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే ఎవరో ఊడుస్తూ చీపురుతో వైరు లాగేసి ఉంటారు. దానంతటదే జరిగేది ఏదీ ఉండదని కనపడిన వాళ్లందరికీ చెబుతూ వచ్చాను.

అలాంటి నేను ఇది రాయడానికి కారణం అంజమ్మ. ఆ రోజు ఆ మిల్లులో అది జరగకపోయి ఉంటే అంజమ్మ, ఆమెతోపాటు పత్తిలో చెత్త ఏరే మరికొందరు ఆడవాళ్లు ఇవాళ ప్రాణాలతో ఉండేవాళ్లు కాదు. అందుకే చూసింది చూసినట్టు చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

మిల్లు ప్రత్తిపాడు దగ్గర. పత్తి నుంచి గింజ తీసి, దూదిని బేళ్లు కట్టే జిన్నింగ్ మిల్లు. ఆఫీసులో బల్లల మీద ఉండేవి ఒక తెర, ఒక కీబోర్డు, అరచేతిలో పట్టే చిన్న పెట్టె. అసలు కంప్యూటర్ ఒక్కటే, లోపలి గదిలో ఉన్న సర్వర్. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుని తమ పేరుతో లాగిన్ అయినా, వాళ్ల డెస్క్‌టాప్, వాళ్ల ఫైళ్లు సర్వర్‌లో వాళ్ల పేరు మీదున్న ఫోల్డర్‌లోంచి తెర మీదికి వస్తాయి. ఒకరివి ఇంకొకరికి కనపడవు. ఆ ఏర్పాటు చేసింది నేనే.

ఏడుకొండలు ఆ మిల్లులో యార్డు చూసుకునేవాడు. ఆరుబయట పోసిన పత్తి కుప్పలన్నీ అతని బాధ్యత. తేమ ఉన్న పత్తిని కుప్పపోస్తే లోపల వేడెక్కుతుంది. ఒక్కోసారి ఎవరో పారేసిన బీడీ ముక్క కూడా లోపలికి పోతుంది. పైకి మల్లెపూవులా ఉంటుంది గానీ లోపల రాజుకుంటూ ఉంటుంది. మంట బయటికొచ్చాక ఇక చేసేదేమీ ఉండదు. అందుకని అతను కుప్పలోకి పొడవాటి ఇనుప చువ్వ దింపి, కాసేపు ఉంచి, బయటికి లాగి అరచేత్తో పట్టుకుని చూసేవాడు. చువ్వ దింపిన కుప్పను ఫోన్‌తో ఫోటో తీసేవాడు. ఆ ఫోటోలు రోజూ కంప్యూటర్లో పెట్టమని ఓనర్ గారి ఆజ్ఞ.

అతనికి మౌస్ పట్టుకోవడం నేర్పింది కూడా నేనే. ఫోటోలన్నీ తెర మీద కుడివైపు అడుగు మూలకి లాక్కెళ్లి వరసగా పెట్టుకునేవాడు. ఎందుకలా అని అడిగాను.

"పైన ఎడం పక్కన చెత్తబుట్ట ఉంది గదండీ. దాని పక్కన పెడితే ఎవరన్నా ఊడ్చేస్తారు" అన్నాడు.

ఆఫీసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఎంత చెప్పినా ఆ అలవాటు మాత్రం మానలేదు.

ఎండాకాలంలో గుండెపోటుతో పోయాడు. ఓనర్ గారు చెబితే అతని ఖాతా, ప్రొఫైల్, ఫోల్డర్ అన్నీ తీసేశాను. అతని భార్య అంజమ్మకు యార్డులో పత్తిలోని చెత్త ఏరే పని ఇచ్చారు. మధ్యాహ్నం ఆడవాళ్లంతా కుప్ప నీడన అన్నాలు తిని, అక్కడే కాసేపు నడుం వాలుస్తారు. ఏడుకొండలు స్థానంలో వచ్చిన శీను చెడ్డవాడేం కాదు గానీ, చువ్వ పని గుర్తొస్తే చేసేవాడు, లేకపోతే లేదు.

పత్తి జోరుగా వస్తున్న రోజుల్లో ఒక ఉదయం అకౌంటెంట్ సాంబశివరావు గారు ఫోన్ చేశారు.

"అమ్మా, మా ఫైళ్లేవీ కనపడటం లేదు. అందరి తెరల మీదా ఒకటే వస్తంది. నువ్వు నవ్వనంటే చెప్తా. ఇది ఏడుకొండలు డెస్క్‌టాపమ్మా."

నవ్వాను. స్కూటీ మీద వెళ్లేసరికి గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. ఆఫీసులో బిల్లు కొట్టే దారి లేక అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

తెర చూశాక నాకు నవ్వు రాలేదు. కుడివైపు అడుగు మూలన ఫోటోలు వరసగా ఉన్నాయి. ఏ బల్ల దగ్గర చూసినా అంతే.

ఇలాంటిది జరగడానికి మామూలు కారణం ఒకటుంది. ఎవరి ఫోల్డర్ వాళ్లకి వెళ్లేలా రాసిన దారిలో, ఎవరైనా పొరపాటున ఒక్కరి పేరే కొట్టేస్తే అందరూ ఆ ఒక్క ఫోల్డర్‌కే పోతారు. ఆ సెట్టింగు తెరిచాను. నేను రాసింది రాసినట్టే ఉంది. ఎవరు ఏ ఫోల్డర్‌కి వెళ్లారో రాసుకునే సర్వర్ లాగ్ చూశాను. సాంబశివరావు గారు సాంబశివరావు గారి ఫోల్డర్‌కే సవ్యంగా వెళ్లారని అందులో ఉంది. సర్వర్‌లో ఆ ఫోల్డర్ తెరిస్తే ఆయన ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. ఏడుకొండలు పేరుతో ఫోల్డర్ ఎక్కడా లేదు. ఉండదు కూడా, తీసేసింది నేనే కదా.

పరీక్ష కోసం అప్పటికప్పుడు ఒక కొత్త పేరుతో ఖాతా తెరిచి లాగిన్ అయ్యాను. ఆ పేరుకు అంతకుముందు చరిత్రే లేదు. దాని మీదా అవే ఫోటోలు, అదే మూలన.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఐకాన్లు తెర మీద ఎక్కడ ఉండాలన్న సంగతి ఫోల్డర్‌లో ఉండదు, ఆ మనిషి ప్రొఫైల్‌లో, అంటే అతని సెట్టింగులు దాచే వేరే చోట ఉంటుంది. ఫోల్డర్ ఎలాగో తిరిగి వచ్చిందనుకున్నా, ఫోటోలు ఎడమవైపు పైనుంచి పేర్చుకుని రావాలి. ఇవి ఆ మూలకే వచ్చి కూర్చున్నాయి.

ఒక ఫోటో తెరిచాను. పత్తి కుప్ప, అందులో దింపిన చువ్వ, వెనక ఆకుపచ్చ రేకుల గోడ. నా వెనక నిలబడి చూస్తున్న సాంబశివరావు గారు మెల్లగా అన్నారు.

"ఆ గోడ మొన్న వానల తర్వాత వేయించిందమ్మా. అప్పటికి ఏడుకొండలు ఏడీ?"

మిగతా ఫోటోలు కూడా తెరిచాను. అన్నీ అదే కుప్ప.

ఓనర్ గారిని పిలిచాం. ఆయన తెర వైపు ఒక్కసారి చూశారు. వరండాలోకి పోయి కేక పెట్టారు.

"ఒరేయ్ శీనూ! ఆ రేకుల గోడ కాడ కుప్పలో చువ్వ దింపరా!"

"నిన్న చూశానండీ. చల్లగానే ఉంది."

"నువ్వు చూసిన మొహం గానీ, దింపరా ముందు!"

ఆ కుప్పకీ గోడకీ మధ్య నీడలో ఆడవాళ్లు అప్పుడే అన్నం క్యారియర్లు విప్పుతున్నారు. శీను చువ్వ దింపాడు. కాసేపాగి లాగి పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు కెవ్వున అరిచి దాన్ని వదిలేశాడు.

ఓనర్ గారు ముందు ఆడవాళ్లను తరిమారు. అంజమ్మ క్యారియర్ కోసం వెనక్కి తిరిగితే ఒకావిడ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. జేసీబీతో కుప్ప లాగుతుండగా ముందు పొగ, ఆ వెంటనే మనిషెత్తు మంట లేచింది. ఫైరింజన్ వచ్చేలోగా గోడ రేకులు వంగి, ఆడవాళ్లు రోజూ పడుకునే చోట కూలిపోయాయి. నా కళ్లతో చూశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

మంటల వల్ల మిల్లు మొత్తానికీ కరెంటు తీసేశారు. తిరిగి వచ్చాక సర్వర్ ఆన్ చేస్తే ఎవరి డెస్క్‌టాప్ వాళ్లకి వచ్చింది. ఆ ఫోటోల జాడ ఎక్కడా లేదు. బ్యాకప్‌లు తిరగేశాను, చెరిగిపోయిన ఫైళ్లు వెతికే ప్రోగ్రాములు నడిపాను. ఒక్కటీ దొరకలేదు. కళ్లెదుటే ఉన్నదాన్ని ఫోన్‌తో ఫోటో తీయాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. సాంబశివరావు గారు ఇప్పటికీ ఆ మాటకి తల కొట్టుకుంటారు.

తర్వాత నేను మిల్లుకు వెళ్లినప్పుడు అంజమ్మ ఆఫీసు గుమ్మం దాకా వచ్చి ఆగింది. లోపలికి రమ్మంటే చెప్పులు బయట వదిలి వచ్చింది.

"పోయినోళ్లు కలలోకొస్తారంటారు గదమ్మా. నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఇక్కడికి వచ్చాడంటగా. ఏదీ, చూపిచ్చమ్మా" అంది.

ఏం చూపించను? ఖాళీ తెర చూపించి, పోయిందమ్మా అన్నాను. ఆమె దాని వైపే చూస్తూ నిలబడింది.

"అందరూ చూశారు. నేనే అన్నం క్యారియర్ విప్పుకుంటా కూర్చున్నా."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"ఆయన పేరు అందులోంచి తీసేశారంటగా. మళ్లీ పెట్టమ్మా. వద్దామనుకుంటే దారి ఉండద్దా?"

లేని మనిషికి సర్వర్‌లో ఖాతా ఉంచకూడదు. అది నేనే అన్ని మిల్లుల్లో చెప్పే మొదటి పాఠం. అయినా ఆమె ఎదుటే ఏడుకొండలు పేరు కొట్టి ఖాతా తెరిచాను. ఓనర్ గారు చూసి తల ఊపారు.

ఆ రోజు తెరల మీదికి వచ్చింది ఏమిటో, ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసిన వాళ్లందరినీ అడిగాను. వాళ్లు చెప్పిన కారణాలన్నీ నేను అప్పటికే చూసి పక్కన పెట్టినవే.

ఇప్పుడు కూడా మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అంజమ్మ క్యారియర్ పట్టుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడుతుంది. సాంబశివరావు గారు ఏడుకొండలు పేరుతో లాగిన్ అయి చూసి, "ఏం లేదమ్మా" అంటారు. ఆమె సరేనని వెళ్లి అన్నం తింటుంది.