ప్రథమ ఫలమూ, ప్రాసెసర్ నెత్తిన దిమ్మా

ఆ రోజుల్లో మా గుడివాడలో కంప్యూటర్ ఉన్న ఇంటికి వెళ్తే, ముందు కనిపించేది కంప్యూటర్ కాదు, దాని మీద కప్పిన గుడ్డ. మా ఇంట్లో అయితే మరీను. టీవీకి ఒకటి, మిక్సీకి ఒకటి, కంప్యూటర్ డబ్బాకి ఒకటి, అన్నిటికీ అమ్మ స్వయంగా అల్లిన తెల్ల లేసు తొడుగులే. కొత్త వస్తువు ఏదొచ్చినా మా ఇంట్లో రెండు చట్టాలుండేవి. అయ్యగారు (అంటే మా చర్చి పాస్టరుగారు) వచ్చి ప్రార్థన చేసేదాకా కవరు తీయకూడదు. ప్రార్థన అయ్యాక కూడా తీయకపోతే ఇంకా మంచిది. మా టీవీ రిమోట్ కవరులోనే పుట్టి కవరులోనే పోయింది పాపం. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల రోజూ గుడ్లవల్లేరు బస్సెక్కి ఇంజినీరింగ్ చదవడానికి వెళ్ళేది. ఆ పిల్లని నేనే.

గొడవంతా కోతల పండుగ దగ్గర మొదలైంది. మా చర్చిలో ఆ రోజు ఎవరి కష్టంలోంచి వాళ్ళు ప్రథమ ఫలం తెచ్చి బల్ల ముందు పెడతారు. వడ్లు, గుమ్మడికాయలు, కోళ్ళు, చెరువులున్నవాళ్ళయితే చేపలు. ఆరాధన కాగానే అన్నిటినీ వేలం వేస్తారు. బంటుమిల్లి దగ్గరున్న కాస్త పొలం నాన్న అమ్మేశాక (కొన్నవాళ్ళు దాన్ని రొయ్యల చెరువు చేసుకున్నారు) మేము ఏటా మార్కెట్లో అరటిగెల కొని పట్టుకెళ్ళేవాళ్ళం. మా నాయనమ్మకి అది తలవంపులుగా ఉండేది. ఒకప్పుడు ఆవిడ కీర్తన ఎత్తుకుంటే వీధి చివరికి వినపడేదట. మోకాళ్ళు అరిగి మంచానికే పరిమితమైనా, ఆ గెల గుమ్మం దాటుతుంటే మాత్రం ఊరుకునేది కాదు. "మార్కెట్లో కొన్నది మార్కెట్టోడి ప్రథమ ఫలం అవుద్ది గానీ మనదెట్టా అవుద్దే?" అనేది. ఆ ఏడు ఆ మాట నాకు చురుక్కున తగిలింది. "ఈసారి నా చేత్తో చేసిందే పట్టుకెళ్దాం నాయనమ్మా. నువ్వు కీర్తన పాడు, నేను సినిమా తీసి చర్చిలో తెర మీద వేయిస్తా" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఆదివారం చర్చిలో లేచి నిలబడి అందరి ముందూ చెప్పేశాను. అయ్యగారు "ఆమెన్" అన్నారు. ఆమెన్ పడ్డాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు.

నాయనమ్మ పాడింది, స్నేహితురాలి కెమెరాతో నేను తీశాను. తోటి పెద్దమ్మలు నలుగురైదుగురు వచ్చి తాళాలు వేసి వంత పాడారు కూడా. చిక్కల్లా మా కంప్యూటర్‌తో వచ్చింది. నాన్న ఆఫీసులో పక్కన పడేస్తుంటే ఇంటికి తెచ్చిన ముసలి డెస్క్‌టాప్ అది. వీడియో ముక్కలన్నీ అతికించి ఒక ఫైలుగా చేయమంటే, తెర మీద పని ఎంతయిందో చూపించే గీత కాస్త ముందుకి జరిగి, ఆలోచనలో పడిపోయేది. మా ఎదురింటి బావ వచ్చి చూశాడు. ఆయన మాకు వరసకి బావ కాదు, వీధికి బావ. వాళ్ళవాళ్ళు బందరు దగ్గర సముద్రం మీద వేటకెళ్తారు, ఈయన గుడివాడలో చేపల వ్యాపారం. ఏ కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా "ర్యామ్ వెయ్యి" అని మందు చెప్పేవాడు కాబట్టి ర్యామ్ బావ అని పిలిచేదాన్ని. ఈసారి మాత్రం ఆయన కూడా పెదవి విరిచాడు. "ఇది అయ్యే పని కాదు మరదలా. బెజవాడ స్టూడియోలో ఇచ్చెయ్, చిటికెలో చేసిస్తారు" అన్నాడు. "అప్పుడది స్టూడియోవాడి ప్రథమ ఫలం అవుద్ది బావా!" అని కయ్యిమన్నాను. మంచం మీంచి నాయనమ్మ "అద్దీ మాట!" అంది.

కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ఇంటర్నెట్టంతా గాలిస్తే దొరికింది ఓవర్‌క్లాకింగ్. కంపెనీవాడు పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ని పరిగెత్తించడం. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు ఒక నీలం తెర తెరిచి అంకె పెంచితే చాలట. కాకపోతే పరిగెత్తినదానికి ఒళ్ళు కాగుతుంది. ఆ వేడిని లాగేయడానికి ప్రాసెసర్ నెత్తిన ఒక లోహపు దిమ్మ, దాని మీద ఫ్యాను ఉండాలి. ఆ దిమ్మనే హీట్‌సింక్ అంటారు. మాదాంట్లో ఉన్నది దుమ్ము పట్టి, పీచు కట్టి, గాలి ఆడక చచ్చిపడి ఉంది. ర్యామ్ బావ బెజవాడ వెళ్తుంటే ఒక పెద్దది తెప్పించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇదేంటే, పులస చేపంత బరువుంది!" అన్నాడు.

పెట్టె చూడగానే అమ్మ వచ్చి అడ్డంగా నిలబడింది. "అయ్యగారు దివిసీమ సభలకెళ్ళారు. ఆయనొచ్చి ప్రార్థన చేసేదాకా కవరు తీయమాకు." ఆయన వచ్చేది పండుగ ముందురోజు సాయంత్రానికి! బతిమాలగా బతిమాలగా అమ్మ ఒక మెట్టు దిగింది. "సరే, అట్టపెట్టె విప్పుకో. లోపలి కవరు మాత్రం ఉంచు." దిమ్మ అడుగున రాగి పలక మీద అద్దంలాంటి పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. నేను చూడలేదంటే అబద్ధం. చూశాను. చూసి, అమ్మ మాట దక్కించడానికి, అంచు లేచిన చోట బుడగ లేకుండా గోటితో ఇంకాస్త నొక్కాను కూడా. ప్రాసెసర్ మీద దిమ్మతో పాటు ఇచ్చిన పేస్టు శనగగింజంత పెట్టి, ఆ కవరుతో సహా దిమ్మని కూర్చోబెట్టి, నాలుగు మూలలా ఉన్న ప్లాస్టిక్ మేకులు టక్కు టక్కుమని నొక్కేశాను. అమ్మ మాట నిలబడింది, నా పనీ అయింది. ఎంత తెలివిగలదాన్నో అని మురిసిపోయాను.

అంకె పెంచి పని అప్పజెప్పగానే వేడి చూపించే అంకె పొంగే పాలలా పైకొచ్చి, టప్‌మని మొత్తం ఆగిపోయింది. మళ్ళీ ఆన్ చేశాను, మళ్ళీ టప్. వేగం కాస్త తగ్గించాను. టప్. అసలు వేగానికే దించేశాను, అయినా టప్పే! అంతకు ముందు మెల్లగానన్నా నడిచేది, ఇప్పుడు అదీ లేదు. మేకులు ఊడదీసి మళ్ళీ దిగ్గొట్టాను. డబ్బా పక్క రేకు పీకి, స్టాండు ఫ్యాను తెచ్చి దాని మొహాన పెట్టాను. "రొయ్యల చెరువులో గాలిచక్రాలు తిప్పినట్టు తిప్పుతున్నావ్ గానీ, సరుకు చచ్చి తేలిపోయేట్టుందే" అన్నాడు ర్యామ్ బావ. "తేలితే నేనూ తేలతా" అన్నాను. స్క్రూడ్రైవర్ మాత్రం కింద పెట్టలేదు. తెల్లారితే పండుగ. అమ్మ అప్పటికే అరటిగెలకి మనిషిని పంపుదామా అని మెల్లగా అడుగుతోంది. ఆ మాట నాయనమ్మ చెవిన పడకూడదని నేను ఫ్యాను ఇంకా గట్టిగా తిప్పాను.

అంతలో నాయనమ్మ మంచం మీంచి మూలిగింది. అమ్మ ఆవిడ మోకాలి మీద కొత్త వేడినీళ్ళ సంచి పెట్టింది, దాని ప్లాస్టిక్ కవరుతో సహా, పైన లేసు తొడుగుతో సహా. "ఇదేం కాపడమే? ఎంతసేపటికీ నాకు వేడి తగలట్లేదు. నువ్వు కవరుకి కాపడం పెడుతున్నావు, నా మోకాలికి కాదు. తీసిపారెయ్ దాన్ని!" అంది.

నేను స్క్రూడ్రైవర్ పట్టుకునే నిలబడిపోయాను. ఓరి దేవుడో! సంచిలో వేడి కవరు దాటి మోకాలికి రావట్లేదు. మరి ప్రాసెసర్ వేడి కవరు దాటి దిమ్మకి ఎట్లా వెళ్తుంది? ఒక్క ఉరుకున వెళ్ళి మేకులు పీకి దిమ్మ పైకెత్తాను. పొర అంతా ముడతలు పడి, పేస్టు దాని మీద పెరుగన్నంలా మెత్తుకుని ఉంది. "అమ్మా, కవరు తీస్తున్నా!" అని అరిచాను. "అయ్యగారు..." అని అమ్మ మొదలుపెట్టేసరికి నాయనమ్మ అందుకుంది. "అయ్యగారు రాకపోతే దేవుడు కూడా రాడా? ఆ డబ్బా ఇటు జరుపు" అని, దాని మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. "తండ్రీ, ఈ పెట్టెకి చల్లదనం ఇయ్యి. మా పిల్లకి బుద్ధినియ్యి. ఆమెన్." పొర లాగేశాను. పలక శుభ్రంగా తుడిచి, మళ్ళీ పేస్టు పెట్టి, ఈసారి ఎదురెదురు మూలలు చూసుకుంటూ మేకులు దింపాను. వేడి అంకె పైకి రావడం మానేసింది. ఆ సాయంత్రం ఒక్కో మెట్టు వేగం పెంచుకుంటూ పోతే, మా ముసలి డబ్బా లేగదూడలా పరిగెత్తింది. అమ్మ దాని మీద గుడ్డ కప్పబోతే నేను కాపలా కాశాను. అన్నాల వేళకి ఫైలు తయారైంది, సీడీలోకి ఎక్కించాను.

మర్నాడు నాయనమ్మని ఆటోలో తీసుకెళ్ళి ముందు వరసలో కుర్చీ వేశాం. తెర మీద ఆవిడ పాడుతూ రెండో చరణం దగ్గర ఆయాసపడి ఆగింది. అతికించేటప్పుడు ఆ ముక్క కత్తిరిద్దామనుకుని, మనసొప్పక వదిలేశాను. అక్కడ చర్చి మొత్తం ఆ చరణం అందుకుంది. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇది మనింట్లో పండిందేనే తల్లీ" అంది. నాకు తెర కనపడలేదు, కళ్ళ నిండా నీళ్ళు. తర్వాత వేలంలో గుమ్మడికాయకీ కోడిపుంజుకీ మధ్య మా సీడీ వచ్చింది. మా కోసమే వచ్చి వెనక నిలబడ్డ ర్యామ్ బావ పంతానికి పాడి గెలుచుకుని, తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ ఇంటికెళ్ళగానే దాని కవరు చింపించింది. అమ్మే ఆ ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది.

నాయనమ్మ ఇప్పుడు లేదు. నేనిప్పుడు ఒక కంపెనీలో వేడెక్కే యంత్రాల మధ్యే ఉద్యోగం చేస్తున్నాను. చేతికి కొత్త దిమ్మ వచ్చిందంటే ముందు అడుగున పొర ఉందేమోనని గోరు పెట్టి చూస్తాను. కుర్రకారు నవ్వుకుంటారు, నవ్వనీ. మొన్న ఇంటికి కొత్త కంప్యూటర్ కొన్నాను. పెట్టె విప్పి, కవరు అంచు పట్టుకుని, ఎందుకో ఆగిపోయాను. చెయ్యి వేసి ప్రార్థన చేసే మనిషి కోసం చూస్తున్నానని తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఎవరూ లేరుగా, నేనే కళ్ళు మూసుకున్నాను. "తండ్రీ, ఈ పెట్టెకి చల్లదనం ఇయ్యి. ఈ పిల్లకి బుద్ధినియ్యి" అని నవ్వుకుని, కవరు లాగేశాను.