చద్దరు కింద రెండు కంప్యూటర్లు

ఈ పొద్దున దుకాణంలో రెండు కంప్యూటర్లు ఒకేసారి ఆన్ చేశాము. లోపలి ఫ్యాన్లు మొదట గుర్రుమని, తర్వాత సన్నగా, రాట్నం తిరిగినట్టు తిరగసాగాయి. ఆ చప్పుడు వినబడితే నా చూపుడువేలు తనంతట తానే బల్ల అంచు మీదికి పోతుంది. పక్కన షాహీన్ ఆపా ఉన్నదనే అనుకుంటాను. తల తిప్పితే ఆమె చెల్లెలు ఉంటుంది. ఆపా ఇప్పుడు లేదు. దుకాణం ఆ చెల్లెలే నడుపుతున్నది.

గద్వాల పాత బస్టాండు వెనుక గల్లీలో ఆపా వాళ్ల నాయన రేడియోలు బాగుచేసేవాడట. ఆయన తర్వాత ఆపా దాన్ని కంప్యూటర్ల దుకాణం చేసింది. ఆటలు ఆడేవాళ్లకు కంప్యూటర్లు కూర్చి ఇవ్వడం ఆమెకు అన్నిటికన్నా ఇష్టమైన పని. నేను అక్కడ ఊడ్చి తుడవడానికి చేరాను. అంతకుముందు మగ్గాల ఇండ్లలో కూలికి రాట్నం తిప్పి, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేదాన్ని. మోకాళ్లు సహకరించక ఆ పని మానుకున్నాను. అప్పటికి నాకు నోట్ల మీది అంకెలు తప్ప ఒక్క అక్షరమూ తెలియదు.

ఆపాకు ఒక పద్ధతి ఉండేది. ఆటలకు ఏ ప్రాసెసర్ మంచిదని ఎవరైనా అడిగితే నోటితో చెప్పేది కాదు. రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, బొమ్మ చూపించే కార్డు, మెమరీ ఒకే తీరువి వేసి, ప్రాసెసర్ ఒక్కటే వేరువేరుగా బిగించేది. "రెండు చీరలు పోల్చాలంటే ఒక్క వెలుతురుల పెట్టి చూడాలె గదా, గట్లనే," అనేది. బిగించేటప్పుడు కొనవచ్చినవాళ్లను బయటికి పంపేది. తర్వాత తెరలు మాత్రం వదిలి రెండింటి మీదా పూల చద్దరు కప్పేది. రెండు తెరల మీదా ఒకే ఆట, ఒకే చోటు, బండి సందుల్లోంచి దూసుకుపోయే చోటు. చూసేవాళ్లకు పేరు తెలియకూడదు. అదీ ఆమె పట్టుదల.

ఒకసారి నేను తుడుస్తూ ఆగి చూశాను. "ఆపా, గీ ఎడమ దాంట్ల బండి మలుపు కాడ జర ఆగి పోతుంది," అన్నాను.

ఆపా మళ్లీ నడిపించింది. మళ్లీ అక్కడే ఆగింది. "నాకే కనబడలే, నీకెట్ల కనబడె?"

"తెల్వదు ఆపా. పోగు తెగినట్టు అనిపించింది."

ఆపా తెరను వదిలి నా చేతిని చూస్తున్నది. రాట్నం తిప్పేటప్పుడు పోగు తెగితే వేలికి ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత తెలుస్తుంది. తెర మీద బొమ్మ తడబడినప్పుడల్లా నా వేలు బల్లను తడుతున్నదట. ఆ సంగతి నాకే తెలియదు. ఆ రోజు నుంచి చూసే కుర్చీ నాదయింది. కొనవచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. "ఏంది ఆపా, ఈ పెద్దమ్మ ఆటలాడుతదా?"

"ఆడదు. గందుకే కూసోబెట్టిన. నువ్వు గెలుపు చూస్తవు, ఆమె బొమ్మ చూస్తది. డబ్బా మీది పేరు గూడ సదవరాదు."

బతుకులో నాకంటూ దొరికిన మొదటి కుర్చీ అది. అందుకే ఆపా అక్షరాలు నేర్పుతానన్నప్పుడు సంతోషం కన్నా భయమే ఎక్కువయింది. "సదువు రాదనే గదా కూసోబెట్టినవు. వస్తే లేపుతవేమో," అన్నాను. "పరేషాన్ గాకు. ముందు రానీ," అన్నది. ఖాళీ డబ్బాల అట్టలు చింపి, గిరాకీ లేని మధ్యాహ్నాలు వాటి మీద రాయించింది. తెలుగు కుదిరాక ఇంగ్లీషు పెద్ద అక్షరాలు మొదలుపెట్టింది. కరెంటు పోతే గడప దగ్గరికి జరిగి రాసేదాన్ని.

అట్లా ఉండగా వనపర్తి నుంచి ఒక సారు వచ్చాడు. అక్కడ గేమింగ్ సెంటర్ పెట్టబోతున్నాడు. కంప్యూటర్లన్నీ మా దగ్గరే తీసుకుంటానన్నాడు. దుకాణానికి అంత పెద్ద బేరం అంతకుముందు రాలేదు. అన్నిటికన్నా ఖరీదైన సుప్రీమ్ ప్రాసెసర్ కావాలని అతని మాట, దానికన్నా తక్కువ ధరది చాలునని ఆపా మాట. సరే, పోల్చి చూద్దామన్నారు. అతన్ని బయటికి పంపి ఆపా బిగించడం మొదలుపెట్టింది. నేను ఎప్పటిలాగే పక్కనే తుడుస్తున్నాను. నాకు చదవరాని రోజుల నుంచి వచ్చిన అలవాటు, ఇద్దరమూ దాని గురించి ఆలోచించలేదు. ఎడమ దానిలో పెడుతున్న ప్రాసెసర్ డబ్బా మీద బంగారు అక్షరాలు కనబడ్డాయి. కూడబలుక్కుని చదివాను. సుప్రీమ్.

ఆట నడిచింది. ఎడమ తెర మలుపు దగ్గర తడబడింది. కుడిది నూనె పోసినట్టు పోయింది. కానీ అంత పెద్ద పేరున్నది తడబడుతుందా, నా కండ్లే తడబడ్డాయేమో అనుకున్నాను. "ఎడమది బాగున్నది," అన్నాను.

ఆపా చద్దరు తీసింది. ఎడమది సుప్రీమ్ అని చూసి సారు బల్ల మీద చరిచాడు. "నేను చెప్పలేదా? రాయుండ్రి బిల్లు!"

ఆపా అక్కడే రాసి ఉంటే అయిపోయేది. రాయలేదు. "జర ఆగుండ్రి సారూ," అని నా వైపు తిరిగింది. "సవారమ్మా, నీ నోరు ఎడమది బాగుందంటుంది. నీ వేలేమో ఎడమది ఆగినప్పుడే తట్టింది. ఏది నమ్మాలె?"

తల వంచుకుని, "వేలునే," అన్నాను.

"ఒక్కసారి ఎడమ అంటది, ఒక్కసారి కుడి అంటది. ఈమె మాట మీద నేను కొనాల్నా?" అన్నాడు సారు.

"మీరే కూసొని చూడుండ్రి. పెండ్లి వంటకు ఇరవై మంది గావాలె సారూ, నిజమే. చాయ్ పెట్టనీకి చేయి తిరిగిన ఒక్కరు సాలు. సుప్రీమ్‌ల కోర్లు, అంటే పనోళ్లు, మస్తుమంది ఉన్నరు. ఆటకు గంతమంది అక్కర్లే, ఉన్న కొద్దిమందే జల్ది చేసేటోళ్లు గావాలె."

సారు కూర్చోలేదు. "సుప్రీమ్ అమ్మేటోళ్లు శానమంది ఉన్నరు," అని బండెక్కి పోయాడు. మళ్లీ రాలేదు.

నేను చద్దరు మడిచి నిలబడ్డాను. కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. "అక్షరాలు నేర్చి చెడగొట్టిన ఆపా. రేపటి సంది ఊడ్చుడొక్కటే చేస్త."

"ఊడ్చుడు ఎట్లగూ నీదే," అన్నది ఆపా. బేరం పోయిన బాధ ఆమె గొంతులో ఉన్నది, కోపం లేదు. "నేర్చింది మర్చిపోతవా ఏంది? మొదలు చూడు. చూసింది చెప్పు. సదువుడు ఆ తర్వాత. కూసో ఇగ."

ఆ తర్వాత కొన్నాళ్లకు మళ్లీ పోల్చే పని పడింది. ఆపా స్క్రూడ్రైవర్ చేతికి తీసుకుని నన్ను చూసింది. "ఏందట్ల నిలబడ్డవు? సదువుకున్నోళ్లు లోపల ఉండొద్దు. నడువు బయటికి," అన్నది. గల్లీలో, కొనవచ్చిన కాలేజీ సారు పక్కన నిలబడ్డాను. ఆయన సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. నేను ఎదురు దుకాణం బోర్డు చదివాను, దాని పక్కది చదివాను. ఆపా పిలిచేదాకా చదువుతూనే ఉన్నాను.

దవాఖానలో, సంతలో, ఓట్లప్పుడు పంచే కాగితాల్లో, పెద్ద అక్షరాలు కనబడ్డప్పుడల్లా వాటిని నమ్మేముందు తట్టి చూడడానికి నా చెయ్యి బల్ల అంచునో గోడనో వెతుక్కుంటుంది. ఈ పొద్దున కూడా ఆపా చెల్లెలు స్క్రూడ్రైవర్ తీసుకోగానే, చెప్పించుకోకుండానే లేచి బయటికి నడిచాను.